వాయించని స్వాగతం

పల్నాడులో ఎదుటివాడి నోరు మూయించిన మొనగాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ వయొలిన్లూ, బాకాలూ, డ్రమ్ములూ, ఉలులూ సుత్తులూ అన్నీ కలిసి హోరెత్తిపోతున్న నిండు ఆర్కెస్ట్రాని ఒక్క వేలితో ఆపినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. కుడిచేతి చూపుడువేలు. నమ్మకపోతే దుర్గి వచ్చి ఎవరినైనా అడగండి, నరసింహారావు వేలు ఎత్తితే ఏమయిందో చెబుతారు. ఆ వేలి సంగతి కాసేపాగి చెబుతాను. ముందు నూర్ మొహమ్మద్ సంగతి చెప్పాలి. ఆ రోజు చెమటలు పట్టింది నాకు కాదు, అతనికి.

నూర్ మొహమ్మద్ మాచర్ల బ్యాండు మాస్టారు. క్లారినెట్ వాయిస్తాడు. నా పెళ్ళికి వాళ్ళ నాన్న వాయించాడు, నా కూతురి పెళ్ళికి ఇతను వాయించాడు. మా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయిన మగాణ్ణి ఎవరినడిగినా, పెళ్ళిలో ఏం తిన్నాడో గుర్తుండదు గానీ నూర్ ఊదిన పాట గుర్తుంటుంది.

ఈ వేసవిలో భవ్య అని నరసరావుపేట అమ్మాయి మా ఊరొచ్చింది. చెన్నైలో వయొలిన్ నేర్చుకుని హైదరాబాదులో పిల్లలకి చెబుతోంది. మా ఊళ్ళో రాతిబొమ్మలు చెక్కే సుధీర్ బాబు షెడ్డులో కొత్తరకం కచేరీ చేస్తానంది. అది పాట కాదు, నాటకం కాదు, పూజా కాదు. మూడూ ఒక గిన్నెలో పోసి కలిపింది. పెద్ద పెద్ద కాగితాల మీద గీతలు గీసి తెచ్చింది. తన శిష్యుల వయొలిన్లకి ఒక గీత, బ్యాండుకి ఒక గీత, శిల్పుల సుత్తులకి ఒక గీత. ఎండాకాలం కదా, షెడ్డులో తిరిగే పెద్ద ఫ్యాన్లకి కూడా ఒక గీత ఉంది.

వరస ఇలా ఉంటుంది. వచ్చే జనాన్ని గేటు దగ్గర బ్యాండు పెళ్ళివారిని పిలిచినట్టు పిలుస్తుంది. జనం కూర్చున్నాక శిల్పులు రాళ్ళమీద సుత్తి వేస్తారు. ఆ తాళం పట్టుకుని వయొలిన్లు అందుకుంటాయి, గేటు దగ్గర్నుంచి బ్యాండు బదులు చెబుతుంది. హోరు పెరిగి పెరిగి ఒక్కసారి ఆగిపోతుంది. ఆ మౌనంలో సుధీర్ బాబు, ఇంకా కళ్ళు చెక్కని నంది ముందు ఉలి పట్టుకుని కూర్చుంటాడు. తనకి ఎప్పుడు మనసయితే అప్పుడు మొదటి దెబ్బ కొడతాడు. అందాకా ఎవరూ కిక్కురుమనకూడదు. కళ్ళు తెరిచిన నందికి శిల్పుల ఆచారం ప్రకారం అద్దం చూపించగానే మళ్ళీ అందరూ వాయించాలి. ఈ కథకంతా ఆ మౌనమే ప్రాణమనీ, అది చెడితే తన రెండేళ్ళ పని చెడినట్టేననీ భవ్య మొదటిరోజే చెప్పింది.

గురువారం పొద్దున బ్యాండు వాళ్ళు సాధనకి వచ్చేసరికి గేటు పక్కన వరసగా కొత్త ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఎవరో పెద్దమనుషులు వస్తున్నారు కాబోలనుకుని నూర్ కాస్త పక్కకి జరిగి నిలబడ్డాడు. అవి మీకే మాస్టారూ అంది భవ్య. సరేనమ్మా అని అతను తన క్లారినెట్ పెట్టెని ఒక కుర్చీలో పెట్టాడు. పెద్ద డ్రమ్ము వాయించే అతని మేనల్లుడు ముజాహిద్ చొక్కా విప్పి ఇంకో కుర్చీకి తగిలించాడు. బాకాల వాళ్ళు నీళ్ళ సీసాల్ని కూర్చోబెట్టారు. కుర్చీలన్నీ నిండాయి. మనుషులందరూ నిలబడే ఉన్నారు.

సాధన మొదలయింది. హోరు బ్రహ్మాండంగా లేచింది, ఆగింది. మౌనం వచ్చింది. సుధీర్ బాబు ఉలి ఎత్తి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడు, రోడ్డుకి అవతల టీ కొట్టు నడిపే దయామణి ఫ్లాస్కు పట్టుకుని గేటులో కాలు పెట్టింది. క్లారినెట్ ఎప్పుడు నోటికి చేరిందో నూర్‌కే తెలియదు. ఆ వెనకే ముజాహిద్ డ్రమ్ము దబ్బుమంది, బాకాలు లేచాయి, పాత స్వాగతం పాట షెడ్డు రేకులు అదిరేలా మోగింది. దయామణి కొంచెం కూడా తొణక్కుండా పెళ్ళికూతురు తల్లిలా నడిచి వచ్చి ఫ్లాస్కు దించింది.

“రోజూ ఇట్టా పిలిస్తే టీకి డబ్బులు అడగను మాస్టారూ,” అంది.

అందరూ నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టారు. రెండోసారి పాలక్యానుతో సైకిలు మనిషి వచ్చాడు, అతనికీ స్వాగతం మోగింది. మూడోసారి గేదె వచ్చింది. ఇది నా కోతలనుకునేరు, గేదె అక్షరాలా నిజం. దానికి సగం పాట వాయించాక గానీ వీళ్ళకి తెలివి రాలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. భవ్య కాగితాలు మడిచి పెట్టుకుంది. నూర్ ఆమె దగ్గరికి వెళ్ళి, గేటులో కాలు పడిందంటే మా నోళ్ళు ఆగవమ్మా, నలభై ఏళ్ళుగా ఈ నోటికి నేర్పిందల్లా అదొక్కటే అన్నాడు. ఆ అమ్మాయి కోప్పడలేదు. కూర్చుని చూడండి మాస్టారూ, నిలబడి ఉంటే పెళ్ళిలో ఉన్నట్టే ఉంటుందేమో అంది. కూర్చుని వాయించడం మాకు అలవాటు లేదమ్మా అన్నాడతను, కుర్చీలో ఉన్న పెట్టెని మాత్రం తీయకుండా.

అంతలో సుధీర్ బాబు ఫోను పట్టుకుని సంతోషంగా వచ్చాడు. ఆదివారం కచేరీకి శ్రీమన్నారాయణ గారు ముఖ్య అతిథిగా వస్తానన్నారని చెప్పాడు. నందిని షెడ్డులోకి చేర్చడానికి ట్రాక్టరూ మనుషుల్నీ ఇచ్చింది ఆయనే, పిలవకపోతే బాగుండదు. నూర్ ఆ మాట విని, క్లారినెట్ మూతి తుడుస్తున్న గుడ్డని అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

శ్రీమన్నారాయణ మా ప్రాంతంలో పెద్ద రైతు. ఎన్నికలొస్తే రెండు పక్షాల వాళ్ళూ ఆయన అరుగెక్కి మాట్లాడతారు. నాకు వరసకి బావ, కాబట్టి నేను ఏమన్నా చెల్లుతుంది. ఆయనకి రెండు అలవాట్లు. ఎక్కడికి పిలిచినా ఆలస్యంగా వస్తాడు. వచ్చాక బ్యాండు మోగందే గేటు దాటడు. గేటు అవతల కారు దిగి నిలబడి చెయ్యి పైకెత్తుతాడు. నూర్ ఊదుతాడు. ఆ పాట అడుగులకి తన అడుగు కలుపుకుంటూ కుర్చీ దాకా నడుస్తాడు. ఇప్పుడందరూ పెళ్ళిళ్ళకి లారీ మీద డీజే పెట్టెలు పెట్టించుకుంటుంటే, ఇంకా బ్యాండే కావాలంటున్న పెద్ద ఇల్లు ఆయనదొక్కటే. ఆయన మనవరాలు శ్రీదివ్య పెళ్ళి ఆ పై నెలలో. బ్యాండు మాట ఇంకా ఖాయం కాలేదు. మనవడు సాయి కిరణ్ డీజే కావాలని ఇంట్లో పోరుతున్నాడు.

కచేరీ మౌనంలో ఉండగా ఆయన వచ్చి చెయ్యెత్తితే ఏం చెయ్యాలి? నూర్ ఊదితే భవ్య పని మట్టిలో కలుస్తుంది. ఊదకపోతే పెళ్ళి పోతుంది. ఆ పెళ్ళి పోతే ఆయన్ని చూసి పిలిచే మిగతా ఇళ్ళు కూడా పోతాయి, బ్యాండే పోతుంది.

శుక్రవారం తెల్లవారాక మాచర్లలో, తన ఇంటి గుమ్మంలో, నూర్ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అతని భార్య హలీమా నువ్వులనూనె వేడిచేసి తెచ్చి పిక్కలకి రాస్తోంది. సాధన రోజయినా పెళ్ళి రోజయినా మర్నాడు పొద్దున ఈ పని తప్పదు. ముజాహిద్ ఎదురుగా డ్రమ్ము తోలుకి కట్టిన తాళ్ళు బిగిస్తున్నాడు. ఒక తాడు లాగినప్పుడల్లా ఒక మాట అంటున్నాడు. అతని మాటల సారం ఒకటే. ఆ అమ్మాయి ఆదివారం కచేరీ చేసుకుని సోమవారం హైదరాబాదు బస్సెక్కుతుంది, మనం మాత్రం ఇక్కడే ఉంటాం. కాబట్టి ఆయన చెయ్యెత్తితే వాయించేద్దాం.

“నువ్వే ఆ మాట అంటున్నావేంట్రా?” అన్నాడు నూర్.

ముజాహిద్ తాడు లాగడం ఆపాడు. కిందటేడు శ్రీమన్నారాయణ ఇంట్లోనే ఇంకో పెళ్ళి. ఆయన ఎక్కడో పంచాయతీలో ఉండిపోయాడని, వచ్చేదాకా గేటు దగ్గర వాయిస్తూనే ఉండమని కబురొచ్చింది. మిట్టమధ్యాహ్నం. పందిట్లో వందల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, గేటు దగ్గర ఒక్కటీ లేదు. వాయిస్తూ వాయిస్తూ ముజాహిద్ కళ్ళు తిరిగి పడ్డాడు. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. అప్పుడే కారు దిగిన ఆయన, డ్రమ్ము ఆగిందేంది అని అడిగాడు. మనిషి సంగతి అడగలేదు. అందులో చెడ్డతనం కూడా లేదని నా నమ్మకం. ఆయనకి నిజంగా డ్రమ్మే వినబడుతుంది, వాయించేవాడు కనబడడు.

“అందుకే అంటున్నా మామూ,” అన్నాడు ముజాహిద్ మెల్లగా. “అంత పడ్డాక ఈ పెళ్ళి కూడా పోతే, పడినదానికి అర్థం లేకుండా పోద్ది.”

నూర్ హలీమా వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

“నేను ఊదమనీ చెప్పను, ఊదొద్దనీ చెప్పను,” అంది. “ఈ కాళ్ళు మాత్రం నాకు తెలుసు. చానా ఏళ్ళుగా రాస్తున్నా.”

శనివారం నూర్ ఒక్కడే బస్సెక్కి దుర్గి వచ్చాడు. భవ్య షెడ్డులో నంది పక్కన కూర్చుని వయొలిన్ తీగ మారుస్తోంది. నేను ఫ్యాన్ల వైరు చూస్తున్నట్టు నటిస్తూ అక్కడే తచ్చాడాను. నూర్ సంగతంతా దాచకుండా చెప్పాడు. పెద్దాయన వచ్చి కూర్చున్నాకే మౌనం పెట్టుకోకూడదా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు కదా మాస్టారూ, ఆయన కోసం ఆగితే అది మౌనం కాదు, ఎదురుచూడటం అవుతుంది అంది. తర్వాత తీగ బిగించి, ఇంకో మాట అంది.

“మీకు ఏది తోస్తే అది చెయ్యండి. మీరు వాయించినా నేను మిమ్మల్ని ఏమీ అనను. ఆ గీత మీది.”

తిట్టినా బాగుండేది, నిర్ణయం నా నెత్తిన పెట్టి పోయిందమ్మాయి, అని నూర్ బయటికొచ్చాక నాతో అన్నాడు. క్లారినెట్‌లో ఊదితే మోగేది ఒక సన్నటి రీడు. దాన్ని తీసి జేబులో పెట్టుకుంటే ఊదినా మోగదు కదా నరసింహారావు గారూ అని అడిగాడు. మోగదు గానీ ముజాహిద్ డ్రమ్ముకి రీడు లేదు కదా అన్నాను. అతను నవ్వబోయి మానుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఎండ దిగుతుండగా జనం వచ్చారు. మాచర్ల నుంచి, గురజాల నుంచి, ముప్పాళ్ళ నుంచి కూడా వచ్చారు. దయామణి కొట్టు మూసి మరీ వచ్చింది. గేటు పక్క కుర్చీల్లో మళ్ళీ క్లారినెట్ పెట్టే, ముజాహిద్ చొక్కా, నీళ్ళ సీసాలే కూర్చున్నాయి. బ్యాండు ఒక్కొక్కరినీ పిలిచింది. పంచె కట్టినవాడికీ, చేతిసంచీ ముసలమ్మకీ ఒకటే పాట. తమకే మోగుతోందని తెలిసి కొందరు సిగ్గుపడి తల దించుకుని పరిగెత్తారు. హలీమా కూడా వచ్చింది, ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది. ఆమె గేటులో కాలు పెట్టినప్పుడు నూర్ ఒక గమకం ఎక్కువ వేశాడు. అది భవ్య కాగితాల్లో లేదు. ముందు వరస మధ్యలో, తువ్వాలు కప్పిన పెద్ద కుర్చీ ఒక్కటే ఖాళీ. అందరూ దాన్ని చూశారు, గేటుని చూశారు. ఆయన రాలేదు.

శిల్పులు మొదలుపెట్టారు. రాయి మీద సుత్తి మోగడం నేను పుట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నాను, కానీ అది పాటలో భాగమని ఎవరూ చెప్పలేదు. వయొలిన్లు ఆ దెబ్బల సందుల్లోంచి సన్నగా పైకి పాకాయి. గేటు దగ్గర్నుంచి బాకాలు బదులిచ్చాయి, రాతిపొడి దీపాల వెలుతురులో పొగలా లేచింది. హోరు పెరిగింది, ఇంక పెరగడానికి చోటు లేదనిపించాక కూడా పెరిగింది. అందరూ ఒక్కసారి ఆపేశారు. ఫ్యాన్ల గర్ర్ మనే చప్పుడొక్కటే మిగిలింది.

ఇక్కడే నా వేలు. భవ్య నా వైపు చూసి తల ఊపింది. నేను వేలితో స్విచ్చి నొక్కాను. ఫ్యాన్లు తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి ఆగాయి. ఆర్కెస్ట్రాని ఒక్క వేలితో ఆపానన్నది ఇదే. గురువారం సాధనలో ఫ్యాన్లకి బదులు లైట్లు ఆపేశాననీ, ఆదివారం పక్కనే దయామణిని కూర్చోబెట్టి, ఏ స్విచ్చో ఆమె చేత చూపించుకున్నాననీ కూడా ఒప్పుకుంటాను. అయినా ఫ్యాన్లకి గీత ఉందా లేదా? ఉంది. కాబట్టి నేనూ వాద్యకారుణ్ణే.

మౌనం వచ్చింది. సుధీర్ బాబు నంది ముందు ఉలి ఎత్తాడు. బయట కారు తలుపు దబ్బున పడింది.

నూర్ వెనక్కి తిరగకుండానే తెలుసుకున్నాడు. ఆ కారు తలుపు చప్పుడు అతనికి తన ఇంటి తలుపు చప్పుడంత తెలుసు. శ్రీమన్నారాయణ తెల్లటి బట్టల్లో వచ్చి గేటు అవతల నిలబడ్డాడు. సాయి కిరణ్ వెనక ఉన్నాడు. పెద్దాయన అలవాటుగా చెయ్యి పైకెత్తాడు.

నూర్ చేతిలో క్లారినెట్ జానెడు పైకి లేచింది. ముజాహిద్ డ్రమ్ము కర్ర లేచింది. బాకాల వాళ్ళందరూ నూర్ పెదాల వైపే చూస్తున్నారు. లోపల హలీమా తన చీర కొంగు గుప్పిట్లో బిగించింది. నందిని చూడాల్సిన జనమంతా గేటునే చూస్తున్నారు. రీడు నూర్ జేబులో లేదు, క్లారినెట్‌కే ఉంది. తీసేస్తే అది తన నిర్ణయం కాదు, రీడుది అవుతుందని తియ్యలేదట. పెద్దాయన, వీళ్ళు చూడలేదేమోనని, చెయ్యి ఇంకాస్త పైకెత్తాడు.

నూర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కుర్చీలోంచి క్లారినెట్ పెట్టె తీసి చప్పుడు కాకుండా నేలమీద పెట్టాడు. కూర్చున్నాడు. గేటు దగ్గర కూర్చోవడం జీవితంలో అదే మొదలేమో, వెన్ను ఆనించాలని కూడా తెలియక అంచున కూర్చున్నాడు. ముజాహిద్ అతన్ని చూశాడు, కర్ర దించి, కుర్చీ మీది చొక్కా తీసి భుజాన వేసుకుని తనూ కూర్చున్నాడు. నీళ్ళ సీసాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. బ్యాండంతా కూర్చుంది. శ్రీమన్నారాయణ ఒక్కడే గేటులో నిలబడి ఉన్నాడు, ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక.

చివరికి ఆ చెయ్యి దించాడు. నడవడం మొదలుపెట్టాడు. కిర్రు చెప్పులు ఆయనవి. అడుగుకి ఒక కిర్రు, అడుగుకి ఒక కిర్రు. అంత నిశ్శబ్దంలో అది ఊరంతటికీ వినబడుతున్నట్టుంది. ఒకచోట ఆగాడు. మళ్ళీ నడిచాడు. కుర్చీ చేరి, తువ్వాలు తీసి, కూర్చుని, ఊపిరి వదిలాడు. సుధీర్ బాబు ఆ ఊపిరి దాకా ఆగాడు. అప్పుడు ఉలి మీద సుత్తి ఆనించాడు. టక్. ఇంకోసారి టక్. నందికి ఒక కన్ను వచ్చింది, రెండో కన్ను వచ్చింది. భవ్య అద్దం ఎత్తి చూపించింది. నూర్ లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత వాయించిన దాని గురించి నేను చెప్పను, చెబితే మళ్ళీ కోతలంటారు.

కచేరీ అయ్యాక జనం భవ్య చుట్టూ మూగారు. నూర్ మాత్రం క్లారినెట్ తుడిచి పెట్టెలో పెట్టి, చొక్కా సర్దుకుని, నేరుగా పెద్దాయన దగ్గరికి నడిచాడు. చీవాట్లేవో త్వరగా పెట్టించుకుందామని. శ్రీమన్నారాయణ ఇంకా అదే కుర్చీలో కూర్చుని గేటు వైపు చూస్తున్నాడు. మెడ చెమట తుడుచుకున్నాడు.

“ఏంది మాస్టారూ,” అన్నాడు. “ఆ గేటు కాడ్నుంచి ఈ కుర్చీకి ఇంత దూరమా?”

అంతే దూరం బాబుగారూ అన్నాడు నూర్.

“మీరు వాయిస్తుంటే ఎప్పుడూ తెలవలా.” ఆయన తువ్వాలు మడిచాడు. “సగం దారిలో వెనక్కి పోదామనుకున్నా. పోతే ఇంకా దూరమని వచ్చేశా.”

సాయి కిరణ్ కలగజేసుకుని, అందుకే డీజే అయితే మనం చెప్పినప్పుడు మోగుద్ది తాతయ్యా అన్నాడు. పెద్దాయన అతని వైపు చూడకుండానే నువ్వుండరా అన్నాడు. మోగేదాన్ని ఎవడైనా తెస్తాడు, ఇంతమంది ముందు నేను చెయ్యెత్తినా ఊదకుండా ఊరుకున్నవాణ్ణి ఇప్పుడే చూశా అన్నాడు. ఆ గొంతులో కోపం ఎంతో, మెప్పు ఎంతో నాకైతే తేలలేదు. శ్రీదివ్య పెళ్ళికి మీరే రండి అని మటుకు స్పష్టంగా అన్నాడు. ముజాహిద్ డ్రమ్ము భుజానికెత్తుకుని పక్కకి వచ్చాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోవాల్సినవాడు నూర్ కదల్లేదు.

“గేటు కాడ కుర్చీలు కావాలి బాబుగారూ.”

“కూర్చుని వాయిస్తారా?”

“వాయించేటప్పుడు లేస్తాం. మీరొచ్చిందాకా కూర్చుంటాం.”

శ్రీమన్నారాయణ గేటు పక్కన కుర్చీల వైపు చూశాడు.

“అయితే నేను ఎంత ఆలస్యంగా వచ్చినా మీకేం ఇబ్బంది లేదన్నమాట.”

“ఏం లేదు బాబుగారూ. కూర్చునే ఉంటాం.”

అప్పుడు పెద్దాయన ముజాహిద్ వైపు తిరిగాడు. కిందటేడు పడింది నువ్వేనా అని అడిగాడు. అవునన్నాడు ముజాహిద్. పెద్దాయన తల ఊపాడు, అంతకన్నా ఏమీ అనలేదు. ఆయనకి అది చానా ఎక్కువ.

సోమవారం పొద్దున నేను మాచర్ల వెళ్ళినప్పుడు నూర్ గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. నూనె గిన్నె కనబడలేదు. హలీమాని అడిగితే, ఈ రోజు కాళ్ళు నొప్పి లేవంటున్నాడు, అన్నీ కుర్చీ మాయలు అంది.

పెళ్ళి మొన్న జరిగింది. కుర్చీలు వేశారు. పెద్దాయన ఆలస్యంగానే వచ్చాడు, బ్యాండు లేచి నిలబడి వాయించింది. ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. గేదెతో సహా. ఒక్కటి మాత్రం నేను కల్పించాను, ఆ కిర్రు చెప్పులు. మా బావ ఆ రోజు వేసుకొచ్చింది మెత్తటి రబ్బరు చెప్పులు, వాటికి చప్పుడే లేదు. మరి ఆ నిశ్శబ్దంలో మాకందరికీ వినబడింది ఏమిటంటే, ఆయన తన స్వాగతం పాటని తనే, మూసిన పెదాల వెనక సన్నగా పాడుకుంటూ నడిచాడు. అది లేకపోతే ఆయనకి అడుగు పడదు. అక్కడ లేనివాళ్ళకి చెప్పొద్దని నన్ను బతిమాలాడు, అందుకే చెప్పులు తొడిగాను. ఆయన మధ్యలో ఆగింది కూడా పాట మరిచిపోయే. అప్పుడు నేను గేటు వైపు చూశాను. నూర్ మొహమ్మద్ కుర్చీలో కూర్చునే ఉన్నాడు, క్లారినెట్ ఒళ్ళోనే ఉంది, పెదాలు బిగించే ఉన్నాయి. వేళ్ళు మాత్రం క్లారినెట్ రంధ్రాల మీద, ఆ మరిచిపోయిన చోటు నుంచి, మెల్లగా, చప్పుడు లేకుండా, పాటని అందిస్తున్నాయి.